దయచేసి ఆఫీసు వేళల్లో కాటెయ్యండి

మహారాజరాజశ్రీ కట్లపాము గారి సముఖానికి,

విశాఖపట్నంలో ఫ్యాను కింద, మంచం మీద పడుకునే ఒక పౌరుడు చేసుకునే విన్నపం ఏమనగా:

తమరు అరకు, అనంతగిరి, హుకుంపేట, ముంచింగిపుట్టు కొండల్లో తరతరాలుగా కాపురం ఉంటున్నారు. పాడేరు ఐటీడీఏ పుట్టకముందూ ఉన్నారు, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడకముందూ ఉన్నారు. అంత సర్వీసు ఉండి కూడా ప్రభుత్వం ఎలా నడుస్తుందో తమరు నేర్చుకోలేదు. తమరి పనివేళలే చూడండి. పగలంతా రాళ్ళ సందులో చుట్ట చుట్టుకుని, ఎవరైనా కదిలించినా తల దాచుకునేంత మెతకగా ఉంటారు. అర్ధరాత్రి దాటాక డ్యూటీ ఎక్కుతారు. చోడి బస్తాల వెనక ఎలుకల కోసం గుడిసెలోకి వచ్చి, నేల మీద చాప పరుచుకుని పడుకున్న మనిషి నిద్రలో ఇటు నుంచి అటు ఒత్తిగిలితే చాలు, కాటేస్తారు. ఆ వేళకు మా మందుల గది తాళమూ, దాని తాళంచెవీ ఒకే ఊళ్ళో ఉండాలన్న నియమం ఏదీ లేదండి. పొద్దున తొమ్మిదిన్నరకు, ఓపీ చీటీలు రాసేటప్పుడు, వీలైతే సోమవారం కాకుండా, అలా కాటేస్తే తమరి సొమ్మేం పోయింది?

రెండో ఫిర్యాదు: తమరి కాటుకు సాక్ష్యం ఉండదు. రక్తపింజరను చూసి నేర్చుకోండి. ఆవిడ కాటేస్తే కాలు వాస్తుంది, రక్తం గడ్డకట్టడం మానేస్తుంది, చిగుళ్ళలోంచి కారుతుంది. చూసినవాడికి వెంటనే నమ్మకం కలుగుతుంది. తమరు కాటేస్తే చీమ కుట్టిందేమో అనుకుని గోక్కుని మళ్ళీ పడుకుంటారు. వాపు లేదు, మంట లేదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి. రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. నిద్రమత్తు అనుకుంటారు. ఒకటి రెండుగా కనిపిస్తుంది, నాలుక మొద్దుబారుతుంది, ఉమ్మి మింగుడుపడదు, మెడ నిలవదు. అప్పుడు గాని ఇంట్లోవాళ్ళు చాప ఎత్తి చూడరు. చివరికి తమరి విషం ఛాతీలో ఊపిరి లాగే కండరాల దగ్గరికి చేరుతుంది.

ఇందులో తమరి పనితనం మాత్రం మెచ్చుకోవలసిందే. మెదడు ఒక ఆజ్ఞ ఇస్తే అది నరం వెంట విద్యుత్తుగా పరిగెత్తుకొచ్చి కండరం ముందర ఆగుతుంది. నరానికీ కండరానికీ మధ్య ఒక సందు ఉంది, మిల్లీమీటరులో ఇరవై వేలవ వంతు. ఆ సందు దాటించేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. నరం కొసన చిన్న చిన్న తిత్తుల్లో అది సిద్ధంగా ఉంటుంది. ఆజ్ఞ రాగానే తిత్తి పగిలి, అవతలి ఒడ్డున కండరం మీదున్న గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. నాగుపాము విషం ఆ అవతలి ఒడ్డున గ్రాహకాల మీద కూర్చుని దారి మూస్తుంది. తమరు అంతకంటే ఘనులు. ఇవతలి ఒడ్డునే నరం కొసలోకి దూరి, తిత్తుల్ని ఖాళీ చేయించి, ఆ కొసనే పాడుచేస్తారు. నాగుపాము మూసిన దారిని నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ కొంతవరకు తెరిపిస్తుంది. తమరు పాడుచేసిన కొస మళ్ళీ మొలవాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పాము మందు కూడా ఇంకా రక్తంలో తిరుగుతున్న విషాన్నే పట్టుకోగలదు. నరానికి పట్టేసినదాన్ని వదిలించలేదు.

అంటే మెదడు బాగానే ఉంది. చెయ్యి బాగానే ఉంది. ఆజ్ఞ బయల్దేరింది. చేరలేదు. ఈ విద్య తమరు సొంతంగా కనిపెట్టారా, లేక మా సచివాలయం పునాదుల్లో ఏదైనా పుట్టలో ఉండి నేర్చుకున్నారా అని నాకొక అనుమానం. అమరావతిలో సంతకమైన కాగితం విశాఖ మీదుగా పాడేరు దాకా నిక్షేపంగా వస్తుంది, మండల కేంద్రం దాకా కూడా వస్తుంది. సరిగ్గా గూడెం ముందర సందు దాటదు. దాటించవలసిన తిత్తి ఆ నెల ఖాళీ అని చెప్తారు.

ఇంకొక సంగతి ఉంది, దానికి వ్యంగ్యం చాలదు కనుక మామూలుగానే చెప్తాను. తమరి కాటు ముదిరిన మనిషికి కనురెప్ప లేవదు, కనుపాప వెలుతురుకు కదలదు, పిలిస్తే పలకలేడు. పోయాడని ఏడుస్తారు. విషం కండరాలనే కట్టేసింది, మెదడును కాదు. ఊపిరి అందుతున్నంతసేపూ అతను ఆ ఏడుపులు వింటూ ఉండవచ్చు. గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు మీద కొన్ని రోజులు ఊపిరి ఆడిస్తే అతను లేచి కూర్చుంటాడు, ఇంటికి నడిచి వెళ్తాడు. వెంటిలేటరు దగ్గరికి చేరేదాకా అంబు బ్యాగు సరిపోతుంది. అదొక రబ్బరు సంచి. చేత్తో నొక్కాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. ఈ విద్య నేర్పడానికి విదేశీ పర్యటన అవసరం లేదు.

పైగా తమరు తొందరపెట్టరు, ఆ గుణం ఒప్పుకోవాలి. కాటుకూ ఊపిరి ఆగడానికీ మధ్య చాలాసార్లు గంటలకు గంటలు వ్యవధి ఇస్తారు. ఆ గంటల్ని మేమెలా ఖర్చుపెడతామో కాస్త వినండి. మొదటి గంట తమరు కాటేశారని తెలుసుకోవడానికే పోతుంది. తర్వాత దుప్పటి తెచ్చి, వెదురు బొంగుకు కట్టి, డోలీ చేస్తారు. ఇద్దరు మోస్తారు, ఇద్దరు వెనకాల నడుస్తారు, భుజాలు మార్చుకోవాలి కనుక. వాగు దాటి, గట్టెక్కి, జీపు వచ్చే చోటికి చేరతారు. జీపు పీహెచ్‌సీకి చేరుతుంది. అక్కడ పాము మందు ఉన్నా అది గుర్రం రక్తం నుంచి తీసిన సీరమ్. కొందరికి వికటిస్తుంది, వికటిస్తే అడ్రినలిన్ ఇచ్చి పక్కనే కూర్చునే డాక్టరు కావాలి. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఒంటరిగా ఉంటే ఆ సాహసం ఎందుకని భయపడతాడు. అతన్నీ తప్పుపట్టలేం, ఏదైనా జరిగితే అతని వెనక నిలబడేవాడు ఆ భవనంలో ఎవడూ లేడు. అందుకని కొండవాడికి అన్నిటికంటే ముందు ఇచ్చే మందు రిఫరల్ చీటీ. దానికి సైడ్ ఎఫెక్టులు లేవు, రాసినవాడికి. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ కేజీహెచ్. అరకు నుంచి సుమారు 115 కిలోమీటర్లు. అయ్యవారు వచ్చేవరకు అమావాస్య ఆగదంటారు. మేం అయ్యవారిని పిలవం, అమావాస్యనే డోలీలో మోసుకుని అయ్యవారి ఊరికి బయల్దేరతాం.

మందు కొండ మీద నిలవ ఉండదని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది ఇప్పుడు పొడిగా కూడా వస్తుంది. చల్లని, వెలుతురు తగలని చోట ఉంటే సంవత్సరాలు చెడిపోదు. పది సీసాలు మొదటి మోతాదు. చిన్నపిల్లలకూ అంతే, తమరు పిల్లవాడని చూసి విషం తగ్గించి ఎక్కించరు కదా. ఆ మందుకు కావలసిన విషంలో చాలా భాగం పట్టి ఇచ్చేది ఎవరనుకున్నారు? చెన్నై దగ్గర వడనెమ్మేలిలో 1978లో సహకార సంఘం పెట్టుకున్న ఇరుల గిరిజనులు. నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషం వాళ్ళు పిండితే గుర్రాలకెక్కించి మందు చేస్తారు. ఒక గిరిజనుడు పాము నోరు తెరిచి తీసిన విషం మందై మైదానమంతా తిరిగి, ఇంకో గిరిజనుడి ఇంటికి ఆఖర్న వస్తుంది, వస్తే. తమిళనాట పాము విషంతో చేసిన మందు అన్ని ప్రాంతాల పాములకూ ఒకేలా పనిచేయదని మన శాస్త్రవేత్తలే చెప్తున్నారు. ఇక తూర్పు కనుమల్లో తమరి పెద్దాయన గిరినాగు ఉన్నారు చూశారూ, ఆయన కాటు మన దేశపు మందు పట్టికలోనే లేదు. దానికి మందు థాయ్‌లాండులో తయారవుతుంది. కాబట్టి గిరినాగు గారికి కూడా ఈ లేఖ చూపించి, కాటేసే ముందు బాధితుడి పాస్‌పోర్టు సరిచూసుకోమనండి.

దారి లేని కొండ కదా, ఏం చేస్తాం అని మా వాళ్ళు నిట్టూరుస్తారు. దారి లేకపోవడం ఏమిటండీ! బైలదిల్లా ఇనుప రాయి జపాను చేరవలసి వచ్చినప్పుడు, 1960లలోనే, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ కొండల్నే తొలిచి 58 సొరంగాలతో రైలు వేశారు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. టన్నుల కొద్దీ రాయి అంత ఎత్తు ఎక్కి దిగింది. మాచ్‌ఖండ్ నీళ్ళు 1955లో కరెంటు అయి కిందికి దిగాయి. తమరు చీకట్లో పాకే గుడిసెల మీదుగానే తీగలు వెళ్ళాయి. బాక్సైటు కూడా దిగబోయింది. జనం అడ్డం పడుకున్నారు కనుక 2015లో ఇచ్చిన జీవో 97ను 2019లో రద్దు చెయ్యక తప్పలేదు. గంజాయి ఎప్పుడూ ఎవరినీ రోడ్డు అడగలేదు. ఇక అరకు కాఫీ! 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. 2024 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోలో పొగిడారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాలు పెట్టారు, ఎంపీలు క్యూ కట్టి తాగారు. నరాలను హుషారు చేసే సరుకు కొండ దిగి సముద్రాలు దాటి సెన్ నది ఒడ్డుకు చేరింది. నరాలు పడిపోతే లేపే సరుకుకు మాత్రం కొండ ఎక్కే దారి దొరకడం లేదు.

ఎక్కేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. శని ఆదివారాల్లో చూడండి, వంజంగి మేఘాల కోసం, లంబసింగి చలి కోసం, బొంగు చికెన్ కోసం కార్లు బారులు తీరి ఎక్కుతాయి. ఆ కార్లలో ఒక్కదానికి పొరపాటున తమరు అడ్డం వస్తే, వీడియో తీసి, తమరు ఏ జాతో తెలియకపోయినా 'అనకొండ' అని పెడతారు. తమరి పేరు ప్రపంచానికి చేరడానికి ఇదొక్కటే మార్గం అనుకోకండి. అంతకుముందే చేరింది.

ఆ కథ చెప్పాలి. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్యాట్రిక్ రసెల్ అనే స్కాటిష్ వైద్యుణ్ణి ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. ఆయన మకాం విశాఖపట్నం. ఏ పాము విషపుది, ఏది కాదు అని జనం గుర్తుపట్టగలిగితే ప్రాణాలు మిగులుతాయని ఆయన వాదన. ఇక్కడి పాముల్ని పట్టించి, కోళ్ళ మీదా కుక్కల మీదా కాట్లు వేయించి చూసి, స్థానికులు పిలిచే పేర్లతో సహా రాసుకుని, 1796లో లండన్‌లో రంగుల బొమ్మలతో పెద్ద పుస్తకం వేయించాడు. పసుపు పట్టీల తమరి చుట్టాన్ని ఇక్కడి జనం బంగారం పాము అంటుంటే అలాగే రాశాడు. దాన్నుంచే తమరి వంశానికి లాటిన్‌లో బుంగారస్ అని పేరు. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమరి తైవాన్ బంధువు విషంలోంచి వేరుచేసిన పదార్థానికి బుంగారోటాక్సిన్ అని పెట్టారు. ఆ పదార్థం సాయంతోనే కండరం మీదున్న గ్రాహకాన్ని ప్రయోగశాలలు విడదీసి చూడగలిగాయి. కండరాలు నీరసించిపోయే మయస్థీనియా గ్రావిస్ గుట్టు తెలిసింది. తమరి విషం వల్ల ఎంత మంది బతికారో చూడండి. దోచుకోవడానికి వచ్చిన కంపెనీ కూడా పాము బొమ్మలకు డబ్బు పెట్టింది. మేం సేవ చెయ్యడానికి వచ్చినవాళ్ళం కనుక మాకు నిధుల కొరత.

గూడెం నాటువైద్యుడు దిసారి గురించి ఒక మాట. పాముకాటు చావు పత్రికలో వచ్చిందంటే కింద ఒక అధికారి నోట ఒక వాక్యం తప్పనిసరి: గిరిజనులు మూఢనమ్మకంతో నాటువైద్యుణ్ణి ఆశ్రయించడం వల్ల ఆలస్యమైంది. నిజమే, మంత్రం విషానికి పనిచేయదు. పసరు పూసినా, గాటు కోసినా, తాడు బిగించినా నష్టమే. కాని దిసారికి మూడు సుగుణాలున్నాయి. రాత్రి రెండింటికి ఇంటి దగ్గర ఉంటాడు. ఆధార్ అడగడు. రిఫర్ చెయ్యడు. పైగా తమరు కొన్నిసార్లు విషం ఎక్కించకుండా ఉత్తకాటు వేసి పోతారు కదా, ఆ కేసులన్నీ ఆయన ఖాతాలో జమ అవుతాయి. విషం ఎక్కిన కేసులు మాత్రం ఆఖరి నిమిషంలో ఆసుపత్రి ఖాతాలో పడతాయి. ఇంత చక్కటి గణాంక శాస్త్రం తెలిసినవాణ్ణి మూఢుడంటే నేను ఒప్పుకోను.

వైద్యుడు ఊరికి చేరకపోవడం కొత్త సంగతి కూడా కాదు. పరీక్షిత్తును కాటెయ్యడానికి తమరి తక్షకుడు వెళ్తుంటే, అతన్ని బతికించడానికి కశ్యపుడనే విషవైద్యుడు బయల్దేరాడు. తక్షకుడు దారిలో అడ్డగించి పరీక్ష పెట్టాడు: ఒక చెట్టును కాటేసి బూడిద చేశాడు, కశ్యపుడు దాన్ని తిరిగి చిగురింపజేశాడు. అంటే మందుంది, విద్య ఉంది, పనిచేస్తుందని రుజువూ అయింది. తక్షకుడు నువ్వు ఆశించిన ధనం నేనిస్తానన్నాడు. కశ్యపుడు కాసేపు కళ్ళు మూసుకుని, రాజుకు ఎలాగూ ఆయువు తీరింది అని దివ్యదృష్టితో తేల్చుకుని, మూట పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. కేసు ముందే ఆశలేనిదని ఫైల్లో రాసుకునే అలవాటు ఆనాటిదే. ఒంటిస్తంభపు మేడ మీద ఉన్న చక్రవర్తికే ఆ గతి పడితే, పెంకుటింట్లో చాప మీద పడుకున్న గదబ పిల్లవాడికో, ముసలమ్మకో ఏం చెప్తాం!

అసలు తమరు తప్పు పిన్‌కోడ్‌లో పుట్టారండి. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలొచ్చి పడిపోయారు, ఆరువందల మందికి పైగా. నరాల మీద దెబ్బ కొట్టింది ఏదో తెలియదు. ముఖ్యమంత్రి ఆసుపత్రికి వచ్చారు. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, నీరి, ఇంకా ఎన్నో సంస్థల వాళ్ళు దిగి నీళ్ళు, కూరగాయలు, రక్తం పట్టుకెళ్ళారు. సీసం, నికెల్ అన్నారు, పురుగుమందుల అవశేషాలన్నారు. కదలవలసిందే, కదిలారు. తమరి విషం మాత్రం దశాబ్దాల క్రితమే గుట్టు తెలిసిన విషం, మందు ఉన్న విషం. మిస్టరీ లేదు. మిస్టరీ లేని చావుకు ఢిల్లీ నుంచి విమానం ఎందుకొస్తుంది?

అయినా తమరి ప్రతిభకు గుర్తింపు రాలేదని బాధపడకండి. దేశంలో ఇంటింటికీ తిరిగి చావుల కారణాలు అడిగిన మిలియన్ డెత్ స్టడీ, 2005లో పాముకాటుకు 45,900 మంది పోయారని 2011లో ప్రకటించింది. సర్కారీ ఆసుపత్రుల రికార్డుల్లో ఉన్నదానికి ముప్ఫై రెట్లకు పైమాట. లక్ష మందికి ఎందరు పోతున్నారన్న లెక్కలో దేశంలో ప్రథమ స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది: 6.2. సంఖ్యలో 5,200. ఎందులో ఫస్టు వచ్చినా ఫ్లెక్సీ కట్టే రాష్ట్రం, దీనికి మాత్రం ఒక్క కూడలిలోనూ కట్టలేదు. 2020లో వచ్చిన మరో అంచనా ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశం మొత్తం మీద 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58,000. ఆసుపత్రి గడప ఎక్కకుండా పోయినవాడు మా రికార్డులో చావడు. డోలీలో పోయినవాడు రెండు భుజాల మీద మాత్రమే నమోదవుతాడు.

ఏమీ చెయ్యడం లేదని అనను, అంటే అబద్ధమవుతుంది. 2024 మార్చిలో కేంద్రం పాముకాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030కల్లా చావులు సగం కావాలట. తమరు కూడా ఆ లక్ష్యాన్ని దృష్టిలో పెట్టుకుని పనిచెయ్యాలి. 15400 అని హెల్ప్‌లైన్ పెట్టి, ప్రయోగాత్మకంగా మొదలుపెట్టే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చారు. ఎంతో మంచి నంబరు. కాటు పడిన మనిషి బంధువు ఒకడు సెల్లు పట్టుకుని, సిగ్నల్ దొరికే చింతచెట్టు దాకా కొండెక్కి ఫోన్ చేస్తే, రోగిని కదలనివ్వకండి అని సలహా ఇస్తారు. 2024 నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకు ఉత్తరం వెళ్ళింది. 2024లోనే పాడేరులో మెడికల్ కాలేజీ మొదలైంది. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట పేరుతో వెయ్యి కోట్లకు పైబడిన రోడ్లకు శ్రీకారం చుట్టారు. రోడ్లు పడితే మంచిదే, పడుతున్నాయి కూడా. పడ్డ రోడ్డు చివర అంబు బ్యాగు నొక్కడం తెలిసిన మనిషిని ఏ పద్దు కింద పెట్టాలో తేలాక ఆ సంగతీ చూస్తారు.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది, తమరికి నచ్చదు. మలేరియా కోసం ప్రభుత్వం ఏజెన్సీలో దోమతెరలు పంచింది. ఆ తెర అంచుల్ని పరుపు కిందికో చాప కిందికో గట్టిగా దోపుకుని పడుకుంటే తమరు కూడా లోపలికి రాలేరు. మేం దోమను ఉద్దేశించి చేసిన పని తమరికి తగిలింది. ఉద్దేశించి చేసిన పనులేవీ ఇంత బాగా కుదరలేదు.

కనుక సారాంశంగా కాదు, సర్దుబాటుగా మనవి చేస్తున్నాను. తమరు రోడ్డున్న గూడేల్లోనే కాటెయ్యండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాగులు పొంగుతాయి, ఆ నాలుగు నెలలు సెలవు పెట్టండి. తమరు సరిగ్గా అప్పుడే ఎక్కువ పనిచేస్తున్నారని లెక్కలు చెప్తున్నాయి. ఒకే రాత్రి ఇద్దరిని కాటెయ్యకండి, వెంటిలేటరు ఒకటే ఉండవచ్చు. కాటేశాక గాటు స్పష్టంగా కనిపించేలా చూడండి. ఇవేవీ వీలుపడవంటే, కనీసం ఎవరిని ఎక్కడ ఏ రాత్రి కాటెయ్యబోతున్నారో పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయండి. పాము మందుకూ, రబ్బరు సంచికీ ఇండెంటు పెట్టిస్తాం. మూడు ప్రతులు, గెజిటెడ్ అధికారి సంతకంతో.